నాలుగో యూనిట్‌లో కులం

మూడేళ్ల కిందట మా విశ్వవిద్యాలయంలో డిగ్రీలో చేరిన ఒక అమ్మాయి మొదటి సెలవులకు ఇంటికి వెళ్లి, తాను ఆర్థికశాస్త్రం మేజర్‌గానూ స్త్రీ అధ్యయనాలు మైనర్‌గానూ చదువుతున్నానని నాయనమ్మకు చెప్పిందట. ఆ ముసలామె కాసేపు ఆలోచించి, "మైనరు చదువేందే? మైనరంటే ఆసామి కొడుకు గదంటే. ఆళ్ల చదువు నువ్వు చదవటం ఏంది?" అని అడిగిందట. ఆ అమ్మాయిది కారంచేడుకు పది పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక మాదిగపల్లె. ఆ ప్రాంతపు పల్లెల్లో మైనరు అన్న మాటకు చట్టంతోనూ పాఠ్యప్రణాళికతోనూ సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. పని చేయనక్కర లేనివాడు, అడిగేవాడు లేనివాడు, చెరువుగట్టు మీద నిలబడి నీళ్లకు వచ్చే ఆడవాళ్లను చూసేవాడు మైనరు. సినిమాలు అతనికి లాల్చీ తొడిగి ముచ్చటైన పాత్రను చేశాయి గాని, పల్లె ఆడవాళ్లకు ఆ మాట ముచ్చటగా ఎన్నడూ వినిపించలేదు.

సెలవుల తరువాత ఆ అమ్మాయి ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె అనుమతితోనే ఈ వ్యాసం రాస్తున్నాను, పేరు వద్దన్నది కూడా ఆమే.

ఈ మైనర్ అనే ఏర్పాటు ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో సగం ప్రధాన విషయానికి పోగా, 24 క్రెడిట్లు మరొక విషయానికి కేటాయిస్తారు. విద్యార్థి తన అభిరుచి మేరకు ఆ రెండో విషయాన్ని ఎంచుకుంటాడని కాగితం మీద ఉంటుంది. ఆచరణలో జరిగేది వేరు. కంప్యూటర్ అప్లికేషన్ల మైనర్ మొదటి రోజే నిండిపోతుంది. ఆ తరువాత వాణిజ్యం. చివరికి మిగిలినవాళ్లు మా గదికి వస్తారు. ఆ ఏడాది పంతొమ్మిది మంది వచ్చారు, పదిహేడు మంది అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. ఎందుకు చేరారని మొదటి రోజు అడిగితే ముగ్గురు మాత్రమే ఇష్టపడి చేరామన్నారు. ఈ అమ్మాయి ఆ ముగ్గురిలో లేదు. "కంప్యూటర్లలో సీటు రాలేదు మేడమ్" అని నిజం చెప్పింది.

మా సిలబస్‌లో మొదటి పత్రానికి అయిదు యూనిట్లు. భావనలు, పరిభాష మొదటిది. స్త్రీల ఉద్యమాల చరిత్ర రెండోది. స్త్రీలు, చట్టం మూడోది. నాలుగో యూనిట్ శీర్షిక "జెండర్ - కులం, మతం, ప్రాంతం". అయిదోది మాధ్యమాలు. ఈ సిలబస్ తయారు చేసిన కమిటీలో నేను సభ్యురాలిని. రాజనీతిశాస్త్రం నుంచి వెళ్లినదాన్ని కనుక నాలుగో యూనిట్ నా చేతి మీదుగానే రూపొందింది. దాన్ని చేర్చినందుకు ఆ రోజుల్లో నాకు కొంత గర్వంగా కూడా ఉండేది. అంతకుముందున్న నమూనాలో కులం అన్న మాటే లేదు మరి.

మూడో వారంలో ఆ అమ్మాయి లేచి, "నాలుగో యూనిట్ ఎప్పుడొస్తుంది మేడమ్?" అని అడిగింది. నవంబరులో వస్తుందన్నాను. "అప్పటిదాకా మనం చెప్పుకునే స్త్రీ ఎవరు మేడమ్?" అంది. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. పరీక్షకు ఎలా రాయాలో తెలుసుకోవాలనే అడిగింది. నేను ఏదో సమాధానం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదంటే, చెప్పదగినది ఏమీ చెప్పలేదనే అర్థం.

మన దేశంలో ఈ విషయం విశ్వవిద్యాలయాల్లోకి వచ్చిన దారి ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1974లో స్త్రీల స్థితిగతులపై జాతీయ కమిటీ "సమానత్వం దిశగా" అనే నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక స్త్రీల పరిస్థితి మెరుగవుతూ వచ్చిందనుకుంటున్న చదువుకున్న వర్గాన్ని ఆ నివేదిక కలవరపెట్టింది. ఆ కాలంలోనే బొంబాయిలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో నీరా దేశాయ్ పూనికతో పరిశోధనా కేంద్రం మొదలైంది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత యూజీసీ విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలకు నిధులివ్వడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో 1985లో అన్వేషి ఏర్పడింది. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటనే వినిపించింది. ఇదంతా మా రెండో యూనిట్‌లో ఉంది. ఉండవలసిందే.

కాని ఆ చరిత్రను ముందుకు నెట్టిన కేసులను ఒకసారి వరుసగా చూడండి. 1972లో మహారాష్ట్రలోని పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన మథుర ఆదివాసీ బాలిక. నిందితులను సుప్రీంకోర్టు విడుదల చేస్తే 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, దేశమంతటా ఆందోళన సాగింది, 1983లో చట్టం మారింది. 1978లో హైదరాబాద్‌ను కుదిపేసిన రమీజాబీ పేద ముస్లిం స్త్రీ. రాజస్థాన్‌లో ఒక గుజ్జర్ కుటుంబంలో బాల్యవివాహాన్ని ఆపబోయి 1992లో అత్యాచారానికి గురైన భన్వారీదేవి కుమ్మరి కులస్థురాలు, ప్రభుత్వ పథకంలో పనిచేస్తున్న గ్రామ కార్యకర్త. 1995లో కింది కోర్టు ఆ నేరం నుంచి నిందితులను విడుదల చేసింది. ఆమె కేసు కారణంగా పుట్టిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలోనే 1997లో విశాఖా మార్గదర్శకాలు వచ్చాయి, వాటి నుంచి 2013 నాటి చట్టం వచ్చింది. ఈనాడు గాజు గోడల కార్యాలయాల్లో పనిచేసే ప్రతి ఉద్యోగినికీ రక్షణగా ఉన్న చట్టం వెనుక ఊళ్లో కుండలు చేసే కులం మనిషి ఉంది.

మా మూడో యూనిట్‌లో ఈ ముగ్గురూ ఉన్నారు. సెక్షన్ల సంఖ్యలున్నాయి, సంవత్సరాలున్నాయి. ముగ్గురూ "బాధిత మహిళ"లుగా ఉన్నారు. మథుర ఆదివాసీ అన్న మాట నా స్లయిడ్‌లో లేదని ఆ అమ్మాయి చూపించేదాకా నేను గమనించలేదు. పదకొండేళ్లుగా చెబుతున్న పాఠమది. అంతేకాదు, "కారంచేడు ఎందుకు లేదు మేడమ్?" అని ఆమె అడిగింది. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు చనిపోయారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. దాని ముందు రోజు మంచినీటి చెరువు దగ్గర, నీళ్లను పాడుచేయడాన్ని ప్రశ్నించినందుకు పల్లెవాళ్ల మీద చేయి చేసుకుంటుంటే బిందె ఎత్తి ఎదురు నిలిచిన మనిషి మున్నంగి సువార్తమ్మ. దళిత ఉద్యమ చరిత్రలో ఆ పేరు అందరికీ తెలుసు. స్త్రీల ఉద్యమ చరిత్ర అని మేం చెప్పే రెండో యూనిట్‌లో ఆ బిందె లేదు. నీళ్లు తెచ్చే పని ఆడవాళ్లది కనుకనే ఆ రోజు చెరువు దగ్గర ఒక స్త్రీ ఉంది, ఆ చెరువుకు కులం ఉంది కనుకనే ఆమె బిందె ఎత్తవలసి వచ్చింది. ఈ రెండు కారణాలనూ రెండు యూనిట్లుగా విడగొట్టిన పని నాది.

ఇక డైరీల సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయాలనిపించింది దాని వల్లనే.

రెండో సెమిస్టర్‌లో "శ్రమ" అనే పాఠానికి ఒక చిన్న అభ్యాసం ఉంటుంది. మీ ఇంట్లో ఒక స్త్రీ ఇరవై నాలుగు గంటలు ఏం చేస్తుందో గంట గంటకూ రాసుకురమ్మంటాం. దీనికి తోడు 2019 జాతీయ కాల వినియోగ సర్వే లెక్కలు చెబుతాం. ఇంటివాళ్ల కోసం జీతం లేని పని చేసే స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఏటా ఈ లెక్క విన్నప్పుడు తరగతిలో ఒక కదలిక వస్తుంది. అమ్మాయిలు తల్లుల గురించి కొత్తగా ఆలోచిస్తారు. ఒక అబ్బాయి ఆ వారాంతం ఇంటికెళ్లి అంట్లు తోమానని వచ్చి చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. చాలా ఏళ్లుగా నేను ఇష్టంగా చెప్పే పాఠమిది.

ఆ సంవత్సరం డైరీలు ఒక్కొక్కరుగా చదువుతున్నారు. తల్లి అయిదింటికి లేస్తుంది, పాలు కాస్తుంది, పూజ చేస్తుంది, టిఫిను, క్యారేజీలు, మామగారికి మందులు. మధ్యలో ఒక వాక్యం వస్తుంది. "ఆరున్నరకు పనిమనిషి వస్తుంది." మరో డైరీలో, "పనమ్మాయి రాని రోజు అమ్మకు నరకం." ఇంకో దానిలో, "అంట్లు, బట్టలు పనావిడ చూసుకుంటుంది కనుక పదకొండుకు అమ్మ కాస్త నడుం వాలుస్తుంది." ఎవరూ తప్పుగా రాయలేదు, దాచనూ లేదు. నేను కూడా ఆ వాక్యాల మీదుగా దాటిపోయాను.

ఈ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె తల్లి చిన్న పట్నంలో నాలుగిళ్లల్లో పాచిపని చేస్తుంది. డైరీ నాలుగున్నరకు మొదలైంది. అన్నం వార్చి, చీకట్లోనే బయలుదేరి, అయిదున్నరకు మొదటి ఇంటి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం. తరువాత రెండో ఇల్లు. అక్కడ ఆమెకిచ్చే కాఫీ గ్లాసు లోపల ఉండదు, వెనక కిటికీ చట్టం మీద బోర్లించి ఉంటుంది. తాగి, కడిగి, అక్కడే పెట్టాలి. మిగతా గిన్నెలన్నీ కడిగేది ఆ చేతులతోనే. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. రెండింటికి ఇంటికొచ్చి తినడం. మళ్లీ సాయంత్రం రెండిళ్లు. డైరీ అంతా ఇంట్లో ఒక స్త్రీ చేసే పనే, కాని అవి ఆమె ఇళ్లు కావు. సొంత ఇంటి అంట్లు, బట్టలు, వంటలో సగం ఇన్నాళ్లూ చేసింది ఈ అమ్మాయి, ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న చెల్లెలు. చివర ఆమె కూడిక వేసుకొచ్చింది. తన ఇంటివాళ్ల కోసం జీతం లేకుండా తల్లి చేసే పని రోజుకు 100 నిమిషాలు.

"సర్వే లెక్క ప్రకారం మా అమ్మకు ఇంటి చాకిరి తక్కువ మేడమ్" అంది. "మిగతాదంతా ఉద్యోగం కింద పోతుంది."

ఆమె చెప్పింది సాంకేతికంగా సరైనదే. ఇతరుల ఇళ్లల్లో జీతానికి చేసే పని ఆ సర్వేలో ఉపాధి కిందికి వస్తుంది. పై కులాల ఇల్లాలి 299 నిమిషాలను కొంతైనా తగ్గించేది ఈమె తల్లి ఉదయపు గంటలు. ఆ గంటలు ఒక పట్టికలోంచి మాయమై మరో పట్టికలో తేలతాయి. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడమని మేం ఏ యూనిట్‌లోనూ చెప్పలేదు. ఆమె కూర్చోబోయి, మళ్లీ ఆగి, మిగతావాళ్ల వైపు తిరిగి నెమ్మదిగా అంది: "మీ డైరీల్లో ఆరున్నరకు వచ్చే మనిషి మా అమ్మ."

తరగతి ముగిశాక, భూమి ఉన్న కులానికి చెందిన మరో అమ్మాయి నా గదికి వచ్చి ఏడ్చింది. తనను దోషిగా నిలబెట్టారంది. తల్లి పడే కష్టం అబద్ధమా అంది. కాసేపటికి, "మా ఇంట్లోనూ గ్లాసు వేరే ఉంటుంది మేడమ్. రాశాను, తరువాత కొట్టేశాను" అంది. డైరీ తీసి చూపించింది. నల్లగా దిద్దిన ఒక గీత ఉంది.

ఆ రాత్రి నేను కూడా ఒక డైరీ రాయబోయాను, మా అమ్మమ్మది. మాది చాకలి కులం. అమ్మమ్మ తెల్లవారుజామున రేవుకు వెళ్లేది. ఊళ్లో పురుడైనా చావైనా మైల బట్టలు మా ఇంటికే వచ్చేవి. ఇల్లిల్లూ తిరిగి సాయంత్రం అన్నం అడుక్కొచ్చేది. ఈ సంగతులన్నీ నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో, కులవృత్తుల్లో స్త్రీల శ్రమ అనే అధ్యాయంలో ఉన్నాయి. ఆ అధ్యాయానికి మంచి పేరే వచ్చింది. కాని అమ్మమ్మ ఎవరి బట్టలు ఉతకలేదు అన్న సంగతి అందులో ఒక్క వాక్యమైనా లేదు. ఊరందరి మైలా మోసిన మనిషి మాలపల్లె, మాదిగపల్లెల బట్టలు ముట్టేది కాదు. ముడితే ఊరు ఊరుకోదన్నది సగం నిజం. ముట్టకపోవడం తన మర్యాద అని ఆమె అనుకునేదన్నది మిగతా సగం. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. ప్రతి మెట్టు మీదివాళ్లకూ తమ కింద ఒక మెట్టు ఉందన్న ఊరట. నా గ్రంథంలో మెట్లన్నీ పైకే ఉన్నాయి. వెలివాడ స్త్రీ పీహెచ్‌డీ చేసి ఉంటే ఆ అధ్యాయం వేరేలా ఉండేది.

మర్నాటి నుంచి నేను సిలబస్ క్రమం పక్కన పెట్టాను. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవై అయిదేళ్ల అంబేడ్కర్ చదివిన "భారతదేశంలో కులాలు" పత్రాన్ని తరగతికి తీసుకెళ్లాను. కులం పుట్టుక గురించి రాసిన పత్రం గనుక దాన్ని సమాజశాస్త్రం వాళ్లు చెబుతారు, రాజనీతిశాస్త్రం వాళ్లు ఉటంకిస్తారు. స్త్రీ అధ్యయనాల్లో అది మొదటి పాఠం కావాలని షర్మిలా రేగే వంటివారు ఎంతగానో వాదించారు. ఆమె పుణె విశ్వవిద్యాలయంలో ఈ విషయమే బోధించి, 2013లో కన్నుమూశారు. అంబేడ్కర్ వాదన క్లుప్తంగా ఇది: కులం నిలబడేది తన లోపలే పెళ్లిళ్లు జరగాలన్న నియమం మీద. ఆ నియమం చెడకుండా ఉండాలంటే కులంలో స్త్రీ పురుషుల సంఖ్య సమతూకంలో ఉండాలి. భర్త చనిపోతే ఆ స్త్రీ మిగులు. ఆమె కులం బయటి వ్యక్తిని చేసుకుంటే గోడ కూలుతుంది, లోపలి వ్యక్తిని చేసుకుంటే మరొక కన్య వాటా పోతుంది. కనుక చితి మీద కాల్చడం, లేదా జీవితాంతం వైధవ్యంలో బంధించడం. భార్య పోయిన పురుషుడూ మిగులే, కాని అతన్ని కాల్చరు. అతనికోసం ఇంకా పెళ్లీడు రాని పిల్లల్లోంచి పెళ్లికూతురును తెస్తారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం అనే మూడూ దురాచారాలుగా కాక, కులం తనను తాను కాపాడుకునే పద్ధతులుగా ఆ యువకుడు చూపించాడు. సంఘసంస్కరణ చరిత్రలో మనం వేర్వేరు అధ్యాయాలుగా చదువుకున్న విషయాలివి.

తరగతిలో ఆ పత్రం మీద రెండు వారాలు గడిచాయి. గీత దిద్దిన అమ్మాయి ఒక రోజు లేచి మాట్లాడింది. వాళ్ల బాబాయి పెళ్లి భోజనంలో అందరి ముందూ నవ్వుతూ, మా అమ్మాయి వేరే కులం వాణ్ని తెస్తే మిర్యాలగూడే అన్నాడట. అందరూ నవ్వారట. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆస్పత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుట ప్రణయ్‌ను నరికి చంపిన సంగతి పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. చనిపోయింది దళిత యువకుడు, చంపించింది అమ్మాయి తండ్రి. ఆ ఊరి పేరు ఒక పెళ్లి విందులో సామెతగా మారిందని నాకు అప్పుడే తెలిసింది. వేరే గ్లాసూ ఆ బాబాయి నవ్వూ ఒకే ఇంటివి. ఆ ఇల్లాలి వంటగదిని పక్క కులం నుంచి కాపాడేదీ, ఆమె కూతురును ఆ వంటగదికి కట్టేసేదీ ఒకే నియమం.

ఇది విని వాళ్లిద్దరూ స్నేహితులయ్యారని రాయగలిగితే బాగుండేది. కాలేదు. ఎదురుపడితే పలకరించుకుంటారు, అంతే. ఒకరికి కట్టుబాటు, మరొకరికి చాకిరి. రెండూ కులం పెట్టినవే అయినంత మాత్రాన రెండూ సమానం కావు. ఈ మాట తరగతిలో గట్టిగా చెప్పవలసింది నేను. చెప్పడానికి నాకు మరో సెమిస్టర్ పట్టింది.

మూడో సంవత్సరం ప్రాజెక్టుకు ఆమె ఒక తీర్పును ఎంచుకుంది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన పఠాన్ జమాల్ వలీ కేసు తీర్పు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసు. చూపు లేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం. కులం, స్త్రీత్వం, వైకల్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఎలా హింసగా మారతాయో ఆ తీర్పు ఎంతో వివరంగా చర్చించింది. న్యాయమూర్తులు అంత లోతుగా రాసిన సందర్భాలు తక్కువ. అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. అయితే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కింది కోర్టులు వేసిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఆమె దళితురాలు కావడమే నేరానికి కారణమని చూపే విడి సాక్ష్యం లేదన్నది. నేరం జరిగిన నాటికి చట్టంలోని మాటలు అలా ఉన్నాయి. బాధితురాలి కులం తెలిసి ఉంటే చాలునన్న సవరణ 2016 జనవరిలో గాని అమలులోకి రాలేదు. విడదీయలేనివి అని ఒప్పుకున్న చోటనే, విడదీసి చూపే సాక్ష్యం లేదని చెప్పవలసి వచ్చిన తీర్పు అది. ఈ చిక్కును ఆమె తన మాటల్లో, తెలుగులో, పద్దెనిమిది పేజీల్లో రాసింది. మా దగ్గర పీజీ విద్యార్థులు కూడా అంత తేటగా రాయరు.

ఆ ప్రాజెక్టు రెండో భాగం ప్రాంగణం గురించి. లైంగిక వేధింపులపై ఫిర్యాదు అయితే అంతర్గత కమిటీ ఉంది. కులవివక్ష అయితే ఎస్సీ ఎస్టీ సెల్ ఉంది. హాస్టల్ భోజనశాల వరుసలో నిలబడిన ఒక అమ్మాయిని ఉద్దేశించి, ఆమె శరీరాన్నీ కులాన్నీ కలిపి ఒకే మాటలో ఎవరైనా అంటే ఆ ఫిర్యాదు ఎక్కడికి పోతుంది? ఆమె అలాంటి ఒక ఊహా ఫిర్యాదు రాసుకుని రెండు కార్యాలయాలకూ వెళ్లింది. మొదటి చోట, కులం మాట ఉంది కనుక అక్కడికి వెళ్లమన్నారు. రెండో చోట, అసభ్యం ఉంది కనుక ఇక్కడికి రమ్మనలేం అన్నారు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదని కూడా ఆమె రాసింది. ఒక గుమాస్తా కుర్చీ వేసి కూర్చోబెట్టాడట.

ఆ మాటను ఆమె ప్రాజెక్టులో యథాతథంగా రాసింది. అది నిజంగా ఊహించినదేనా అని నేను అడగలేదు. అడగవలసింది. మార్కులు వేసి, సంతకం చేసి, పై పేజీలో చాలా బాగుంది అని రాశాను.

పాఠ్యసామగ్రి గురించి ఒక పక్కమాట. ఈ విషయం తెలుగులో చెప్పలేమని, పుస్తకాలు లేవని మా వాళ్లు తరచుగా అంటారు. 2015లో తెలుగు అకాడమీ తెచ్చిన జెండర్ ద్విభాషా పాఠ్యపుస్తకం ఉంది. దాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులే చదివారు. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల ఒకచోట చేర్చిన "నల్లపొద్దు" ఉంది. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, జాజుల గౌరి రాసినవి ఉన్నాయి. లేనిది పుస్తకాలు కాదు, ఉద్యోగాలు. మా స్త్రీ అధ్యయన విభాగంలో ఒక్క శాశ్వత అధ్యాపక పోస్టు కూడా నిండి లేదు. పన్నెండో ప్రణాళికా కాలం ముగిసిన 2017 నుంచి ఈ కేంద్రాల నిధులు ఏ ఏటికి ఆ ఏడు అనిశ్చితంగానే ఉన్నాయి. ఇతర విభాగాల వాళ్లం వారానికి రెండు గంటలు వెళ్లి చెబుతాం. ఇద్దరు అతిథి అధ్యాపకులున్నారు. వాళ్లలో ఒకామె దళిత స్త్రీ, ఈ విషయంలోనే పరిశోధన చేసిన మనిషి. సెలవుల్లో ఆమెకు జీతం ఉండదు.

ఈ చదువు ఆమెకు ఏం ఇచ్చింది అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మూడో ఏడాది ప్రాంగణంలో జరిగిన ఉద్యోగ ఎంపికల్లో, "స్త్రీ అధ్యయనాలంటే మగవాళ్లను తిట్టడమా?" అని ఒకాయన నవ్వుతూ అడిగాడట. ఆమె 299 నిమిషాల సంగతీ, 100 నిమిషాల సంగతీ చెప్పిందట. ఆయన ఆసక్తిగానే విన్నాడట. ఉద్యోగం మాత్రం రాలేదు. మైనర్ వల్లనే రాలేదని చెప్పను, ఆ రోజు పదహారు మంది వెళితే ఇద్దరికే వచ్చింది. ఇప్పుడు ఎంఏ ఆర్థికశాస్త్రం ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఇంట్లో మార్పేమైనా వచ్చిందా అంటే, తండ్రి ఇప్పుడు మంచినీళ్ల బిందె మోస్తున్నాడని ఒకసారి చెప్పింది. తల్లి రెండో ఇల్లు మానేసింది. కిటికీ గ్లాసు ఇల్లు అదే. నెలకు పదిహేను వందలు తగ్గాయి. ఆ పదిహేను వందల గురించి ఇంట్లో ఇంకా తగవు ఉందట. డైరీ రాయమన్న రోజున ఈ లెక్క నాకు తట్టలేదు.

గత వేసవిలో పాఠ్యప్రణాళిక మండలి సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. నాలుగో యూనిట్ తీసేసి, కులాన్ని మొదటి యూనిట్ నుంచి అయిదో యూనిట్ దాకా ప్రతి దానిలో ఉంచాలని, 1916 పత్రంతో కోర్సు మొదలవ్వాలని. సభ్యుల్లో ఒకరు, "కులానికి సమాజశాస్త్రంలో పూర్తి పత్రమే ఉంది కదా, ఇది జెండర్ పత్రం" అన్నారు. మరొకరు, అలా చేస్తే పై కులాల అమ్మాయిలు ఈ మైనర్ తీసుకోరని, కనీస సంఖ్య రాకపోతే కోర్సే ఎత్తేస్తారని అన్నారు. రెండో మాట బెదిరింపు కాదు, వాస్తవం. ఈ ఏడు మా తరగతిలో పదకొండు మంది ఉన్నారు, పదికి తగ్గితే నడపరు. దీనికి నా దగ్గర అప్పుడూ సమాధానం లేదు. ఆ పంతొమ్మిది మందిలో గీత దిద్దిన అమ్మాయి చివరిదాకా ఉందని, ప్రాజెక్టు తన ఇంటి పెళ్లి సంబంధాల మీదే రాసిందని మాత్రం చెప్పగలిగాను. చర్చ ముగిశాక, ప్రతిపాదన పరిశీలనలో ఉంచడమైనది అని మినిట్స్‌లో రాశారు.

ఏమైంది మేడమ్ అని ఆ అమ్మాయి ఫోన్ చేసి అడిగింది. ఉన్నది చెప్పాను. "మరి ఈసారి పిల్లలకు ఎక్కణ్నుంచి మొదలుపెట్టారు?" అంది. 1916 నుంచే అన్నాను. సిలబస్ కాగితంలో అది ఇంకా నాలుగో యూనిట్‌లోనే, అదనపు పఠనం కింద ఉంది.